రేవుగట్టున మన ముఖములు

మారిషస్ ద్వీపపు పోర్టు లూయీ రేవునందు నీటి అంచునుండి పైకి 16 రాతిమెట్లు గలవు. వారములకొలది ఓడ అడుగున చీకటిలో గడపి, కాలు మోపిన నేలయు అలవలె ఊగుచున్నట్లు తోచుచుండగా, నెత్తిపై మూటతో, చంకలో బిడ్డతో ఒక స్త్రీ ఆ మెట్లెక్కి వచ్చుచున్నది. పైన వైద్యుని పరీక్ష. దాని కావల వంటసాల, రాతిగోడల కొట్టములు. చెరకుతోటల యజమానులు వచ్చి పంచుకొనిపోవు వరకు రెండు మూడు దినములు అచటనే బస, చుట్టును కావలి. గుమాస్తా బల్లయొద్ద పేరు అడుగుదురు, తండ్రి పేరు అడుగుదురు, ఊరు అడుగుదురు. ఆమె చెప్పినది ఒకటి, అతడు విన్నది మరియొకటి, వ్రాసినది ఇంకొకటి. ఇదియంతయు ముగిసిన పిమ్మట, 1860ల నడిమి కాలమునుండి, క్రొత్తగా ఒక తంతు వచ్చి చేరెను: ముక్కాలిపీటపై నిలిపిన పెట్టె ముందర, దాని గాజుకంటి వంక చూచుచు, చాలునను వరకు కదలక మెదలక ఉండవలెను. తన ముఖమును చెరువునీటిలోనో, అద్దపుబిళ్లలోనో తప్ప ఎన్నడును చూచుకొనని మనిషికి, అట్లు పెట్టెలో చిక్కిన ముఖము ఇకమీదట దొరతనమువారి సొత్తని ఆ క్షణమున తెలిసియుండదు.

ఆ ముఖములు నేటికిని చెరిగిపోలేదు. ఆ ద్వీపముననే మోకా అనుచోట మహాత్మా గాంధీ సంస్థవారి భాండాగారములో, దళసరి పుస్తకముల పుటలపై, సంఖ్యలతోను పేర్లతోను అవి నిలిచియున్నవి. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఆ దేశమునకు వెళ్లినప్పుడు, అచటి భారత సంతతివారు ఏడవ తరమువారైనను ఓసీఐ (విదేశస్థ భారత పౌరసత్వ) కార్డునకు అర్హులగుదురని ప్రకటించినది మొదలు, ఆ పుస్తకములకు సరికొత్త ప్రయోజనము కలిగినది. ఏడు తరముల వెనుకటి పూర్వికుడు ఫలానా జిల్లా, ఫలానా గ్రామమువాడని చూపుటకు, ఒకనాడు ఆ రేవు గుమాస్తా తొందరలో గీసిన గీతలే అనేక కుటుంబములకు ఆధారము.

ఈ ముచ్చట మారిషస్‌ వారిది గదా, తిరుపతి చిత్తూరుల పాఠకునకు ఇందేమి పని యని తోచవచ్చును. పని చాల గలదు; ఆ గ్రామముల పట్టికలో మన ఊళ్లున్నవి.

జిల్లా: ఉత్తర ఆర్కాటు

మద్రాసు రేవునుండి మారిషస్‌నకు, దక్షిణాఫ్రికాలోని నాటాలునకు, తరువాతి కాలమున ఫిజీ దీవులకు కూలివారిని మోసికొనిపోయిన ఓడల పట్టికలు తిరుగవేసినచో, జిల్లా అను గడిలో మాటిమాటికి కనబడు పేర్లలో ఉత్తర ఆర్కాటు ఒకటి. ఆ పేరు వినగానే నేటివారికి వేలూరు, రాణిపేట తలపునకు వచ్చును. అది తమిళనాటి కథయని ప్రక్కన పెట్టుదురు. కాని 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడువరకు, ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే. కలెక్టరు కచేరి ఇచటనే యుండెను. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలును, కాళహస్తి, కార్వేటినగరము, పుంగనూరు జమీందారీలును ఆ జిల్లాలోనివే. తిరుమల కొండయు ఆ జిల్లాలోనిదే. మదనపల్లె, వాయల్పాడు మాత్రము నాడు కడప జిల్లాకు చేరియుండెను.

ఇందొక విచిత్రమైన కాలసంధి గలదు. గోపాలకృష్ణ గోఖలే 1910లో వైస్రాయి శాసనసభయందు పట్టుబట్టి ప్రవేశపెట్టిన తీర్మానము ఫలించి, నాటాలునకు ఒడంబడిక కూలీల ఎగుమతి 1911 జులై 1వ తేదీనుండి నిషిద్ధమయ్యెను. అనగా చిత్తూరు జిల్లా పుట్టిన మూడు నెలలకే ఆ త్రోవ మూతపడెను. అందుచేత నాటాలు పట్టికలలో చిత్తూరు జిల్లా అని వెదకువారికి దాదాపుగా ఏమియు దొరకదు. వెదకవలసిన పేరు ఉత్తర ఆర్కాటు. ఈ ఒక్క చిన్న సంగతి తెలియకపోవుటచేత మనము మనవారిని తమిళ సోదరుల లెక్కలో వేసి మరచిపోయితిమని నా నమ్మకము.

> పాత పట్టికలలో మన ఊళ్లు
>
> ఆనాటి ఇంగ్లీషు కాగితములలో తిరుపతి 'ట్రిపెట్టి', కాళహస్తి 'కలాస్త్రి', పలమనేరు 'పల్మనేర్'. ఇంతటి ప్రసిద్ధమైన ఊళ్లకే ఈ గతి పట్టగా, ఇరువది గడపల పల్లెల పేర్లు ఏ రూపము దాల్చియుండునో ఊహింపవచ్చును. పైగా సరిహద్దులు మారినవి: తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు పోయెను; తిరుపతి 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయ్యెను. ఒక్క గ్రామమును గుర్తించుటకు ఈ మార్పులన్నియు తెలిసిన మనిషి కావలెను.

కరువు తీసిన చిత్రములు, కరువు నింపిన ఓడలు

బానిసత్వము రద్దయిన పిమ్మట చెరకుతోటలకు చేతులు చాలక, బ్రిటిషు ప్రభుత్వము 1834లో మారిషస్‌ను ప్రయోగశాలగా ఎన్నుకొని, ఐదేండ్ల ఒడంబడికపై భారతీయ కూలీలను తెప్పించుట ఆరంభించెను. ఆ ఏడు నవంబరు 2న 'అట్లాస్' అను ఓడలో కలకత్తానుండి 36 మంది దిగిరి. తరువాతి ఎనుబదియేండ్లకు పైగా ఆ రేవున దిగినవారు సుమారు నాలుగు లక్షల అరువదివేలు. అందు మూడవ వంతు దాదాపుగా మద్రాసు రేవునుండి పోయినవారు. అది చూచి నాటాలును అదే త్రోవ పట్టెను: 1860 నవంబరు 16న మద్రాసునుండి 'ట్రూరో' అను ఓడ 342 మందితో డర్బన్ చేరెను. 1911 వరకు ఆ దేశమున దిగినవారు మొత్తము 1,52,184 మంది. వారిలో హెచ్చుపాలు మద్రాసు రాజధానివారే.

దేశము విడిచి సముద్రము దాటుట నాడు సామాన్యమైన సాహసము కాదు. మరి ఎవరు పోయిరి, ఏల పోయిరి? మోసపుచ్చి తీసికొనిపోయిరి అనుట ఒక సమాధానము. తలకింత యని కూలి పుచ్చుకొను దళారులు సంతలలోను, సత్రములలోను, దేవళముల ముంగిటను తిరిగి, పని సుళువనియు జీతము ఘనమనియు నమ్మబలుకుట యథార్థమే. నాటాలు జీతము మొదటి ఏట నెలకు పది షిల్లింగులు, అనగా నాటి మారకమున ఐదు రూపాయలు. ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెంపు. కాని కేవలము మోసమే కారణమని నేను నమ్మజాలను. వానలేని సీమలో వడ్డీ తీర్చలేని రైతునకు, ఇంకొకరి పొలములో తరతరములుగా జీతగాడై పడియున్నవానికి, అత్తవారింటను పుట్టింటను చోటులేని వితంతువునకు, ఊరి కట్టుబాట్లు ఊపిరాడనీయని అంటరాని వాడకు, ఓడ ఒక తెరచిన తలుపుగా కనబడెను. తెలిసియే పోయినవారు కొందరు, తెలియక పోయినవారు కొందరు, వెనుక ఉండుటకంటె ఏదైనను మేలని పోయినవారు అనేకులు.

ఆ తలుపును విరుగదన్నినది 1876లో వచ్చిన ధాత కరువు. రెండేండ్ల పాటు రాయలసీమను, ఉత్తర ఆర్కాటును, సేలమును, మైసూరును కాల్చివేసిన ఆ క్షామమున దక్షిణదేశమందు 55 లక్షలమంది చచ్చిరనునది ప్రసిద్ధమైన అంచనా. కరువు పనులలో మట్టిమోసిన మగవానికి ప్రభుత్వాధికారి సర్ రిచర్డ్ టెంపుల్ తగ్గించి నిర్ణయించిన కూలి దినమునకు సుమారు 450 గ్రాముల ధాన్యము, ఒక అణా. అప్పుడే విలోబీ వాలెస్ హూపర్ అను సైనికాధికారి తన కెమెరాతో బయలుదేరి, ఎముకల గూళ్లైన తల్లులను బిడ్డలను వరుసగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. నేటికిని ఆ చిత్రములు చూచినవారు మొదట అడుగు ప్రశ్న, తీసినవాడు వారికి అంబలియైనను పోసెనా యని. మనసీమల బడుగుజనము ముఖము కెమెరాలో పెద్దయెత్తున పడుట రెండు విధముల జరిగినది: ఇంటనుండి చచ్చుచు ఒకటి, దూరదేశపు రేవున దిగి చెరకుకొట్టుటకు చీటి పుచ్చుకొనుచు మరియొకటి.

మద్రాసు అలలు

1856 జులైనాటికే మద్రాసు రాయపురమునుండి ఉత్తర ఆర్కాటులోని వాలాజా రోడ్డు వరకు రైలుమార్గము పడెను. చిత్తూరు ప్రాంతమువాడు బండిత్రోవన అచటికి చేరినచో, ఆ రోజే సముద్రమును చూడగలుగును. మద్రాసు డిపోలో వైద్యపరీక్షయు, ఇష్టపూర్వకముగనే పోవుచున్నానని అధికారి యెదుట ఒప్పుకోలును ముగిసిన పిమ్మట, అసలైన భయము మొదలగును. 1870ల వరకు మద్రాసునకు కట్టిన రేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేసికొని నిలుచును. మేకులు లేక, కొబ్బరినారతో పలకలను కుట్టి చేసిన మసూలా పడవలలో, తలయెత్తుగా విరుగు అలలను దాటి ఓడను చేరవలెను. చెరువుగట్టు తప్ప నీటిని ఎరుగని పలమనేరు మనిషికి ఆ కొద్ది నిమిషములే దేశమును తెంచివేసినవి.

చీటీ మీది ముఖము

ఆ ఛాయాచిత్రములను మన పూర్వికుల స్మారకములని మురిసిపోవుటకు ముందు, అవి ఏల తీయబడెనో ఎరిగియుండవలెను. మారిషస్‌లో ఒడంబడిక ఐదేండ్లును తీరి స్వతంత్రుడైనవాడు సయితము, 1867 నాటి చట్టము చొప్పున, తన ఛాయాచిత్రము అతికిన చీటిని ఎల్లవేళల వెంట ఉంచుకొనవలెను. కూరగాయలమ్ముటకు పొరుగూరు పోయినను, చుట్టమింటికి పోయినను, పోలీసువాడు నిలిపి అడిగినప్పుడు చూపలేనివాడు దిమ్మరియని పట్టుబడును. తోటకు మరల దాసుడైనవానికి ఈ బాధ లేదు. స్వతంత్రముగా బ్రతుకబోయినవానికే యీ బాధ. అనగా చట్టము చూపు ఎటువైపో స్పష్టమే.

1871 జూన్‌లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోటదారు ఈ అన్యాయమును ఎదిరించి, 9,401 మంది పాత కూలీల పేర్లతో గవర్నరునకు ఒక విన్నపము సమర్పించెను. తోటి యజమానులు ఆయనను తరిమికొట్టవలెనని ఎంత గింజుకొన్నను, ఆ మరుసటి యేడు రాణిగారి విచారణ సంఘము వచ్చెను. 1878లో కార్మిక చట్టము మారెను. ఆ తొమ్మిదివేల పైచిలుకు పేర్లలో మద్రాసు జిల్లాలవారును ఉన్నారు. తమ ముఖమును తమకే సంకెలగా చేసినవారికి వారు పెట్టిన అర్జీ అది. అటుపిమ్మట 1908 ఆగస్టు 16న జోహానెస్‌బర్గులో గాంధీజీ నాయకత్వమున భారతీయులు తమ రిజిస్ట్రేషను పత్రములను పెద్ద బాండీలో వేసి తగులబెట్టినప్పుడు, ఆ మంటకు వెనుక ఇట్టి చీటీల చరిత్ర నలుబదియేండ్లది గలదు.

> ఎల్లిస్ దీవితో పోల్చినచో
>
> వలసవారి చిత్రములనగానే లోకము తలచుకొనునది న్యూయార్కు రేవులోని ఎల్లిస్ దీవి. 1892 జనవరి 1న తెరచిన ఆ పరీక్షాకేంద్రము గుండా 1954 వరకు కోటి ఇరువదిలక్షలమంది అమెరికా చేరిరి. అచట గుమాస్తాగా నుండిన ఆగస్టస్ షెర్మన్, తీరిక వేళల తన సొంత కెమెరాతో తీసిన చిత్రములు జగత్ప్రసిద్ధములు. కాని ఆయన చిత్రములలో అనేకులకు పేరు లేదు. దేశము పేరో, వేషము పేరో మాత్రమే. అందమునకై తీసినవాడు పేరు వదలెను. అదుపునకై తీసిన మారిషస్ డిపో పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాసియుంచెను.

డర్బన్: ముఖములు వేరు, పేర్లు వేరు

చిత్తూరు సీమవారికి మారిషస్ కంటె నాటాలే ముఖ్యమైన దేశము. అచటి సంగతి మరియొక విధముగ నున్నది. డర్బన్ రేవున క్రొత్తగా దిగిన భారతీయుల గుంపుల చిత్రములు దొరకుచున్నవి: తెల్లని తలపాగాల మగవారు, కొంగు తలపైకి లాగుకొన్న స్త్రీలు, కాళ్లయొద్ద చెంబులు, మూటలు, కెమెరావంక బెదురుచూపులు చూచు పిల్లలు. అవి గుంపు చిత్రములు, ఎవరెవరో తెలియదు. మరియొక వంక ఓడపట్టికలలో ఒక్కొక్కరికి సంఖ్యయు, పేరును, తండ్రి పేరును, వయస్సును, కులమును, జిల్లాయు, తాలూకాయు, గ్రామమును గలవు. ముఖము మాత్రము లేదు. ముఖమునకు బదులుగా ఒంటిమీది గుర్తులు వ్రాసిరి: ఎడమ మోకాలిపై మచ్చ, నుదుట గాయపు గీత, ముంజేతిపై పచ్చబొట్టు.

ఆ గుర్తుల గడిని చదువునప్పుడు నాకు కలుగు వేదన గుంపు చిత్రములను చూచునప్పుడు కలుగదు. మోకాలి మచ్చ ఏ చింతచెట్టు నుండి పడుటచేత కలిగినదో, ముంజేతి పచ్చబొట్టు ఏ జాతరలో ఎవరితో కలిసి పొడిపించుకొన్నదో, పరదేశపు గుమాస్తా అడుగలేదు. కాని ఆ గడి ఒక్కటే ఆ మనిషిని తక్కిన మునెమ్మలనుండి, మునిస్వాములనుండి, వెంకటమ్మలనుండి వేరుచేయుచున్నది. పేరు తప్పుగా వ్రాసినను పచ్చబొట్టు అబద్ధమాడదు.

స్త్రీలను గురించి ఒక మాట వేరుగా చెప్పవలెను. ప్రతి నూరుగురు మగవారికి నలుబదిమంది స్త్రీలు ఓడలో ఉండవలెనని నాటాలు నియమము. ఆ లెక్క నింపుటకు దళారులు పడిన పాట్లు అనేకము. ఒంటరి స్త్రీలను, భర్త విడిచినవారిని, కరువులో అందరిని పోగొట్టుకొన్నవారిని వెదకి తెచ్చిరి. పట్టికలలో తండ్రి పేరు మాత్రమే యుండి భర్త పేరులేని స్త్రీల వరుసలు చాల గలవు. వారిని పతితలని నాటి దొరలు వ్రాసిరి. కొందరు మనవారును ఆ మాటనే అందుకొనిరి. ఒక్కతెయై మద్రాసు అలలను దాటి, ఎరుగని దేశమున చెరకుపొలములో పనిచేసి, కూడబెట్టిన వెండిని కడియములుగా చేయించుకొని ఒంటిపైనే దాచుకొన్న ఆ తల్లులు పతితలు కారు. మారిషస్ చిత్రములలో స్త్రీల ముక్కెరలను, దండకడియములను చూచినప్పుడు అలంకారమని తలపరాదు; అది వారి బ్యాంకు.

ఒడంబడిక తీరినవారిని నాటాలు ప్రభుత్వము సుఖముగా బ్రతుకనీయలేదు. 1895 నాటి చట్టముచేత, తిరిగి కూలికి కుదురక, దేశమునకును పోక నిలిచినవారిపై ఏటికి మూడు పౌండ్ల తలపన్ను వేసిరి. నెలకు పది షిల్లింగులు తెచ్చుకొనువానికి అది ఆరునెలల కష్టము. 1913లో గాంధీజీ నడిపిన సమ్మెలో గనులకూలీలు, తోటకూలీలు వేలకొలది పని మాని నడచివచ్చిరి. మరుసటి యేడు పన్ను రద్దయ్యెను. ఆ నడచినవారిలో ఉత్తర ఆర్కాటు పల్లెల బిడ్డలు లేకుండుట అసంభవము.

పెరటాసి శనివారములు

ఇంత జరిగినను వారు మనలను మరువలేదు. దక్షిణాఫ్రికాలో నేటికిని పెరటాసి మాసము వచ్చినదనిన, తెలుగు తమిళ కుటుంబములు మాంసము మాని, శనివారములందు ఉపవాసముండి గోవింద నామము పలుకుదురు. తిరుపతిలో మనము చేయునదియు అదే. గంగజాతరకు మనపల్లెలలో అంబళ్లు పోసినట్లే, డర్బన్ ప్రాంతమున మారియమ్మకు అంబలి మొక్కులు చెల్లింతురు. 1931లో స్థాపించుకొన్న ఆంధ్ర మహాసభ అచట భాషను నిలుపుటకు శ్రమించుచునే యున్నది. భాష చాలవరకు జారిపోయినది, కొండ జారిపోలేదు.

అందుచేతనే వారి సంతతివారు ఇండియాకు వచ్చినప్పుడు మొదట తిరుమల చేరుదురు. దర్శనము చేసికొని, లడ్డు కట్టించుకొని, జేబునుండి ఓడపట్టిక నకలు తీసి, ఈ ఊరు ఎచట ఉన్నదని టాక్సీ నడుపువానిని అడుగుదురు. ఆ కాగితముపై తప్పుల తడకగా ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన పల్లెపేరు ఉండును. గుర్తుపట్టగల మనిషి దొరకడు. సమాధానము చెప్పవలసిన బల్ల కొండక్రింద ఎచటను లేదు.

ఇప్పటి ఓడలు

ఈ కథ ముగిసిన కథ యనుకొనుట పొరపాటు. చిత్తూరు, మదనపల్లె, రాయచోటి, కడప ప్రాంతముల పల్లెలనుండి కువైట్‌కు పోవు పురుషులును, ఇంటిపనికై పోవు స్త్రీలును నేటికిని అనేకులు. వారును వైద్యపరీక్షకు నిలువవలసినవారే. వారికిని క్షయ లేదని చూపుటకు ఛాతీ ఎక్స్‌రే తీయవలసినదే. పదవతరగతి దాటనివారి ప్రయాణమునకు అనుమతి నిచ్చు ప్రభుత్వాధికారి హోదా పేరు 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్'. 1983 నాటి వలసల చట్టము నిలుపుకొన్న ఈ పేరు కూలీఓడల కాలమునాటిది. తల్లి కువైట్‌లో ఉండగా అవ్వయొద్ద పెరుగు బిడ్డలు మన బడులలో నేడును ఉన్నారు. ఆ తల్లి సెల్‌ఫోనులో కనబడును. 1880లో పోయిన తల్లి మరి కనబడలేదు. ఆ ఒక్క తేడా చిన్నది కాదు. కాని పోవుటకు కారణములైన అప్పు, కరువు, ఎండిన బావి అను మూటిలో మారినది కొంతయే.

ఈ గట్టున జరుగవలసినది

పోర్టు లూయీలోని ఆ రేవుగట్టును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. ఏటేట నవంబరు 2న ఆ దేశము సెలవు పాటించి ఆ మెట్లయొద్ద పూలుంచును. డర్బన్‌లోని విశ్వవిద్యాలయమువారు ఓడపట్టికలను భద్రపరచి అందరికిని అందునట్లు చేసిరి. ఆ గట్టువారు తమ పని చేసిరి. ఈ గట్టున మనము చేసినది అత్యల్పము.

కావలసినది పెద్ద కట్టడము కాదు, విగ్రహమును కాదు. ఓడపట్టికలలోని ఉత్తర ఆర్కాటు పేర్లను ఏరి, పాత ఇంగ్లీషు వ్రాతకు ఎదురుగా నేటి గ్రామము, మండలము, జిల్లా చూపు పట్టిక యొకటి తయారుకావలెను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ చరిత్రశాఖ విద్యార్థులకు ఇంతకంటె తగిన పరిశోధనాంశము దొరకదు. చిత్తూరు కచేరిలో మిగిలిన పాత రికార్డులు వారికి తెరచి చూపవలెను. అచ్చయిన ఆ పట్టిక ఒక ప్రతి తిరుపతిలో దూరదేశపు యాత్రికులకు అందుబాటున నుండవలెను.

పాఠకులకును ఒక విన్నపము. ముత్తాత తమ్ముడో, అవ్వ మేనత్తయో ఓడెక్కి పోయినారంట, మరి రాలేదంట, అను మాట మీ ఇంట ఎవరి నోటనైన వినబడియుండవచ్చును. ఆ మాట తెలిసిన పెద్దలు ఇంకను ఉన్నచో, ఈ ఆదివారమే వారియొద్ద కూర్చుండి, పోయినవారి పేరు, తండ్రి పేరు, నాటి ఊరిపేరు, ఒంటిమీది గుర్తేదైన తెలిసినచో అదియు, ఒక కాగితముపై వ్రాసియుంచుడు.